మా అక్క అడ్రినల్ క్యాన్సర్, ఆపకూడని ఒక బిళ్ల

గుంటూరు కొత్తపేటలో మాది మందుల షాపు. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి స్టెరాయిడ్ లేని చీటీలతో రోజు గడవడం అరుదు. ఆయాసానికి అదే, కీళ్లవాతానికి అదే, చర్మం జబ్బులకూ అదే. ఆ పేరు చెప్పగానే చాలామంది బిళ్ల వెనక్కి ఇచ్చేస్తారు. అదే మనిషి మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఎవరో కాగితంలో కట్టిచ్చిన పొట్లాన్ని, అందులో ఏముందో తెలియకుండా ఏళ్ల తరబడి మింగుతాడు. కౌంటర్ దగ్గర ఇది నిత్యం చూసే నాకు, స్టెరాయిడ్ అంటే నిజంగా ఏమిటో మా అక్క జబ్బుతోనే అర్థమైంది. తనకు వచ్చింది అడ్రినల్ క్యాన్సర్. దాని గురించి తెలుగులో చదువుదామంటే నాకు దొరికింది చాలా తక్కువ. అందుకే రాస్తున్నాను.

అక్క విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. లైనింగ్ గుడ్డల కోసం వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కు తనే వెళ్లి బేరమాడి తెచ్చుకునే మనిషి. జబ్బును డాక్టర్ల కంటే ముందు పట్టుకున్నది కూడా తనే, టేపుతో. సంక్రాంతికి తన కోసం ఒకటి కుట్టుకుందామని ఆది జాకెట్టు తీస్తే నడుము దగ్గర, ఛాతీ దగ్గర పట్టేసింది. చేతులు మాత్రం వదులైపోయాయి. టేపు పెట్టి కొలుచుకుని నాకు ఫోన్ చేసింది. "ఒళ్లొస్తే చేతులు కూడా లావవ్వాలి కదరా. వేలమంది కొలతలు తీసుకున్నాను, నడుము పెరిగి దండ సన్నబడిన ఆడమనిషిని ఎప్పుడూ చూళ్లేదు" అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మరుసటి ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ముఖం గుండ్రంగా, ఎర్రగా ఉంది. గడ్డం కింద వెంట్రుకలు. మిషను ముందు పీట మీంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి లేస్తోంది. మోచేతి దగ్గర ఎక్కడ తగిలినా కమిలిన మచ్చలే. పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చాయని అమ్మతో చెప్పిందట. బీపీ మూడు రకాల బిళ్లలకు కూడా లొంగడం లేదు, షుగర్ కొత్తగా వచ్చింది. నెలసరి ఆగే వయసులో ఇవన్నీ మామూలేనని అప్పటిదాకా అందరూ చెప్పినమాట. ఒక్కొక్కటిగా చూస్తే నిజంగా మామూలువే. కానీ అన్నీ కలిసి కొద్ది నెలల్లోనే రావడం మామూలు కాదు.

సూర్యారావుపేటలో హార్మోన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మన జనం షుగర్ డాక్టర్ అనేది వాళ్లనే. ఆవిడ అక్క ముఖం చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న: "నొప్పులకు ఏమైనా బిళ్లలు వాడుతున్నారా?" లేదంటే ఇంకోలా అడిగారు, ఆకుమందులా, పొడులా, ఊళ్లో ఇంజెక్షన్లా, ఆయాసానికి పంపా, చర్మానికి పూసే ఆయింట్‌మెంటా అని. అంత గుచ్చి అడగడానికి కారణం ఉంది. ఇలాంటి ముఖం, ఇలాంటి ఒళ్లు వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి మూలం బయటి నుంచి పడిన స్టెరాయిడే. ఏదీ వాడలేదని నమ్మకం కుదిరాక మేడమ్ అన్నారు: "బయటి నుంచి రావడం లేదంటే లోపల తయారవుతోంది. ఎక్కడో చూద్దాం."

లోపల తయారయ్యే చోటే అడ్రినల్ గ్రంథులు. రెండు మూత్రపిండాల పైన చెరొకటి, ఒక్కొక్కటి 4, 5 గ్రాములకు మించదు. వాటి పైపొర కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను చేస్తుంది. అది లేకపోతే బీపీ నిలబడదు, జ్వరాన్నీ దెబ్బనీ ఒళ్లు తట్టుకోలేదు. ఉప్పునీ పొటాషియాన్నీ అదుపులో ఉంచే ఆల్డోస్టెరాన్, కొద్దిగా మగ హార్మోన్లు కూడా అక్కడివే. లోపలి పొర అడ్రినలిన్‌ను చేస్తుంది. అడ్రినల్ క్యాన్సర్ అని సాధారణంగా చెప్పేది పైపొరలో పుట్టేదాన్ని. ఏటా పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఆ లెక్క మనకూ వర్తిస్తే 5 కోట్ల జనం ఉన్న రాష్ట్రంలో ఏడాదికి 50 నుంచి 100 మంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లల్లో ఒకసారి, నలభై యాభైల్లో మరోసారి ఎక్కువగా కనిపిస్తుంది. సగానికి పైగా గడ్డలు హార్మోన్లను కుమ్మరిస్తాయి, అక్కకు జరిగినట్టు. మిగతావి చడీచప్పుడు లేకుండా పెరిగి, కడుపు బరువుగా ఉందనో నడుం నొప్పనో స్కాన్ తీసినప్పుడు బయటపడతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే స్కాన్ రిపోర్టులో అడ్రినల్ అని కనిపించగానే హడలిపోతారు. వేరే దేనికో తీసిన సీటీలో అడ్రినల్ మీద చిన్న గడ్డ కనిపించడం చాలా మామూలు విషయం. వాటిలో అత్యధికం ప్రమాదం లేనివే, క్యాన్సర్ కానే కాదు. అయినా హార్మోన్ పరీక్షలు ఒకసారి చేయించుకోవాలి.

అక్క పరీక్షల్లో మొదటిదానికి మందు మా షాపులోంచే వెళ్లింది. డెక్సామెథాసోన్ అర మిల్లీగ్రాము బిళ్లలు రెండు. రాత్రి 11 గంటలకు మింగాలి, పొద్దున 8కి రక్తం ఇవ్వాలి. ఒంట్లోకి స్టెరాయిడ్ వచ్చిందని తెలిసిన, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఇక చాలని అడ్రినల్‌కు పంపే ఆదేశం ఆపేస్తుంది. మామూలు మనిషిలో తెల్లారేసరికి కార్టిసాల్ 1.8 కన్నా కిందికి పడిపోతుంది. క్యాన్సర్ గడ్డ ఆ ఆదేశాలను లెక్కచేయదు. అక్కది అస్సలు తగ్గలేదు. తర్వాత, రోజు మొత్తంలో ఎంత కార్టిసాల్ బయటికి పోతోందో చూడటానికి 24 గంటల మూత్రం పట్టడం. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిదాకా ప్రతి చుక్కా డబ్బాలో పట్టాలి. ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతుంది. మా మేనకోడలు బాత్రూం తలుపుకు పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది. పొటాషియం 2.9కి పడిపోయి ఉంది, కాళ్లు లేవకపోవడానికి అదొక కారణం. మగ హార్మోన్ డీహెచ్ఈఏఎస్ చాలా ఎక్కువ. కార్టిసాల్, మగ హార్మోన్లు రెండూ కలిసి పెరిగితే క్యాన్సర్ అనుమానం బలపడుతుందని మేడమ్ అప్పుడే చెప్పారు.

సీటీలో ఎడమవైపు 8 సెంటీమీటర్ల గడ్డ. బత్తాయి కాయంత. 4 సెంటీమీటర్లు దాటినవాటిని జాగ్రత్తగా చూస్తారు, సైజు పెరిగేకొద్దీ క్యాన్సర్ అయ్యే అవకాశం పెరుగుతుంది. కొవ్వు నిండిన మంచి గడ్డలైతే మందు ఎక్కించని సీటీలో సాంద్రత 10 యూనిట్లకు మించదు. అక్కది 34.

రిపోర్టు చూసిన మా పెదనాన్న వెంటనే ముక్క పరీక్ష చేయించమన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, మిగతా క్యాన్సర్లకు అదే పద్ధతి. ఇక్కడ మాత్రం సూది గుచ్చరు. ఎందుకంటే సూదితో వచ్చే చిన్న ముక్కలో మంచి గడ్డకూ క్యాన్సర్‌కూ తేడా తేల్చడం కష్టం. పైగా గడ్డ చుట్టూ ఉన్న పొరకు చిల్లు పడితే క్యాన్సర్ కణాలు కడుపులో చిందే ప్రమాదం. ఇంకొకటి, ఆ గడ్డ లోపలి పొరలో పుట్టిన ఫియోక్రోమోసైటోమా అయితే సూది తగలగానే అడ్రినలిన్ వరదలా వచ్చి బీపీ ప్రాణాంతకంగా ఎగబాకుతుంది. అది కాదని, అడ్రినలిన్ ఎక్కువగా తయారవుతోందేమో చెప్పే మెటానెఫ్రిన్ల పరీక్షతో తేల్చుకోకుండా సూదీ కత్తీ ఏదీ దగ్గరికి రాకూడదు. వేరే చోట, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో, క్యాన్సర్ ఉండి అది అడ్రినల్‌కు పాకిందేమోనని అనుమానం ఉన్నప్పుడు మాత్రం కొన్నిసార్లు ముక్క తీస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా అడ్రినల్ గడ్డ అని చెబితే దయచేసి ఈ వరసను పట్టుకోండి: హార్మోన్ పరీక్షలు ముందు, ఆపరేషన్ తర్వాత. కంగారులో నేరుగా ఆపరేషన్ టేబుల్ ఎక్కించవద్దు.

ఈ క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేయగలిగేది ప్రధానంగా ఆపరేషనే. అదీ మొదటి ఆపరేషన్‌లో, పొర చిట్లకుండా, అంచుల్లో ఏమీ మిగలకుండా గడ్డ మొత్తం బయటికి రావాలి. రెండోసారి చేసే అవకాశం కొందరికి ఉన్నా మొదటిదాని విలువ దానికి రాదు. ఏడాదికి కనీసం 6, వీలైతే 20కి పైగా అడ్రినల్ ఆపరేషన్లు చేసే చోట చేయించుకోవాలని 2018 యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే బావగారు, నేను కూర్చుని మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్దామనుకున్నాం. అక్కడి సర్జన్‌ని నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు అని. ఆయన ఏమీ అనుకోకుండా లెక్క చెప్పారు. అడగడానికి మొహమాటపడొద్దు. చిన్న రంధ్రాలతో చేయొచ్చు కదా అని బావగారు అడిగితే, క్యాన్సర్ అనుమానం ఉన్న ఇంత గడ్డకు కోసి చేయడమే క్షేమమని చెప్పారు. ముందు కొన్నాళ్లు పొటాషియం సరిచేసి, బీపీ, షుగర్ అదుపులోకి తెచ్చారు. కార్టిసాల్ ఎక్కువున్న వాళ్లకు కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి దానికి ఇంజెక్షన్లు ఇచ్చారు.

ఆపరేషన్ రోజు నుంచి అక్కకు హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలోని కార్టిసాల్, ఎక్కించారు. అమ్మకు అది అర్థం కాలేదు. "ఒంట్లో ఎక్కువైందనే కదా కోసి తీశారు, మళ్లీ అదే ఎక్కిస్తున్నారేంట్రా?" అని అడిగింది. చాలామందికి వచ్చే సందేహమే ఇది, జవాబు తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డ ఇన్నాళ్లూ కార్టిసాల్‌ను కుమ్మరించడంతో అవసరం లేదనుకుని కుడివైపు మంచి గ్రంథి పని మానేసి ముడుచుకుపోయింది. గడ్డ తీసేసిన నిమిషం నుంచి ఒంట్లో కార్టిసాల్ చేసేవాళ్లెవరూ లేరు. ఆ గ్రంథి మళ్లీ లేవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అప్పటిదాకా బయటి నుంచి ఇచ్చే బిళ్లే ఆధారం. అమ్మకు ఇలా చెప్పాక తనే టైముకు బిళ్ల అందించే మనిషైంది. పొద్దున లేవగానే ఎక్కువ మోతాదు, తర్వాత తక్కువ, రాత్రికి లేదు, అంటే ఒంట్లో సహజంగా ఎలా ఉంటుందో అలాగే.

కోసి తీసిన గడ్డను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు వచ్చింది. సూక్ష్మదర్శిని కింద 9 లక్షణాలు వెతికి మార్కులు వేసే వైస్ స్కోర్ అనే పద్ధతి ఉంది, 1984 నుంచి వాడుతున్నారు. 3 దాటితే కాదు, 3 వచ్చినా క్యాన్సరే. అక్కది 6. కణాలు ఎంత వేగంగా విడిపోతున్నాయో చెప్పే కేఐ-67 అక్కకు 15 శాతం, 10 దాటితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని అర్థం. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా గ్రంథి దాటి పోలేదు కాబట్టి రెండో దశ. పక్క కొవ్వులోకో, లింఫు గ్రంథుల్లోకో, పెద్ద సిరలోకో పాకి ఉంటే మూడు, ఊపిరితిత్తులకో కాలేయానికో వెళ్లి ఉంటే నాలుగు. రెండో దశలో ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు దాదాపు నూటికి 60 మంది అని చదివాను. ఆ అంకె అక్కకు చెప్పాలా వద్దా అని బావగారు ఆలోచిస్తుంటే తనే నన్ను అడిగింది. చెప్పాను. "సరే, ఆ అరవైలో ఉండటానికి ఏం చేయాలో అది చెప్పు" అంది.

ఏం చేయాలంటే మైటోటేన్. ఈ మందు కథ మన పత్తి, మిరప రైతులకు కూడా ఆశ్చర్యంగా ఉంటుంది. ఇది డీడీటీ కుటుంబానికి చెందిన పదార్థం. 1949లో ఆ రకం రసాయనాన్ని కుక్కలకు ఇచ్చి చూస్తే వాటి అడ్రినల్ గ్రంథులు కృశించిపోయాయి. పది పన్నెండేళ్లలో దాన్నే ఈ క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. 1970లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ జబ్బుకు ప్రధానమైన మందు అదే. మామూలు షాపుల్లో దొరికేది కాదు, నా షాపు పరపతి ఏమీ పనిచేయలేదు, ఆసుపత్రి ద్వారానే తెప్పించుకున్నాం. ఖరీదు ఎక్కువ. అందరికీ అవసరం కూడా కాదు. గడ్డ మొత్తం వచ్చేసి కేఐ-67 10 లోపు ఉన్నవాళ్లకు ఇది ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా లేదని 2023లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. అక్కది ఆ కోవ కాదు.

500 మిల్లీగ్రాముల బిళ్లలు. కొద్దికొద్దిగా పెంచుతూ పోయి, రక్తంలో లీటరుకు 14 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టాలి. 14 లోపైతే సరిగ్గా పనిచేయదు, 20 దాటితే మెదడు మీద పడుతుంది. ఆ గీతకు చేరడానికే నెలలు పట్టింది. కొవ్వులో కరిగే మందు కాబట్టి నూనె, నెయ్యి ఉన్న తిండితో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. అందుకని ముద్దపప్పు అన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాకే మధ్యాహ్నం బిళ్లలు. బిళ్లను నలపకూడదు, ఇంట్లో వేరేవాళ్లు అందించేటప్పుడు చేతికి గ్లవుజు వేసుకోవాలి.

ఇది అక్కను బాగా ఏడిపించింది. వాంతులు, విరేచనాలు, నోట్లో రుచి లేకపోవడం. ఒక దశలో తల తిరిగి, మాట వెతుక్కునేది. గుడ్డ మీద చాక్‌తో గీసిన మెడ గీత వంకర పోయిందని నాకు ఫొటో పంపింది. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని గీసే గీత అది. డాక్టర్‌కు చూపిస్తే రక్తపరీక్ష చేయించి, మోతాదు తగ్గించారు. అందుకే మైటోటేన్ వాడేవాళ్ల ఇంట్లో నడక, మాట, చేతిరాత గమనిస్తూ ఉండాలి.

మందుల షాపువాడిగా రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మైటోటేన్ కాలేయాన్ని రెచ్చగొట్టి చాలా ఇతర మందులను తొందరగా బయటికి పంపేస్తుంది. అమ్లోడిపిన్ లాంటి బీపీ బిళ్లలు కూడా అందులో ఉన్నాయి. అందుకని కొత్తగా ఏ మందు రాసినా మైటోటేన్ సంగతి చెప్పి తీరాలి. రెండోది, అది మంచి గ్రంథిని కూడా అణిచేస్తుంది, పైగా హైడ్రోకార్టిసోన్‌ను కూడా త్వరగా కరిగించేస్తుంది. కాబట్టి అక్కకు హైడ్రోకార్టిసోన్ మామూలు వాళ్ల కంటే ఎక్కువ మోతాదులో ఇస్తారు. చీటీ చూసి ఇంతెందుకని తగ్గించే పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన్ని హార్మోన్ డాక్టర్‌తో మాట్లాడమనండి.

పోయిన వేసవిలో అక్కకు విరేచనాలు, వాంతులు పట్టుకున్నాయి. వేసిన బిళ్ల వేసినట్టే బయటికి వచ్చేసింది. చూడ్డానికి వచ్చిన చుట్టమొకావిడ "అన్ని స్టెరాయిడ్లు మింగితే ఇలా కాక ఎలా ఉంటుంది, రెండ్రోజులు ఆపి చూడండి" అంది. మంచి మనసుతోనే అంది. సాయంత్రానికి అక్క మంచం మీంచి లేవలేదు, బీపీ 80 దగ్గరికి వచ్చింది, మాట ముద్దగా ఉంది. బావగారు ఎవరి మాటా వినకుండా దగ్గర్లోని క్యాజువాలిటీకి తీసుకెళ్లి అక్క రోజూ స్టెరాయిడ్ వాడుతుందని రాసి తన పర్సులో పెట్టుకున్న కార్డు చూపించారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ అది చదివి హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చి సెలైన్ పెట్టాడు. నేను గుంటూరు నుంచి చేరేసరికి అక్క లేచి కూర్చుని ఇడ్లీ అడుగుతోంది. జ్వరమొస్తే మోతాదు రెట్టింపు చేయడం, వాంతులైతే ఇంజెక్షన్ తీసుకోవడం, ఏ చిన్న ఆపరేషన్‌కైనా, పన్ను పీకడానికైనా ముందే చెప్పడం, ఇవి డాక్టర్ రాసిచ్చిన నియమాలు. ఈ స్థితిలో స్టెరాయిడ్ ఆపితే గంటల్లో మనిషి పోవచ్చు.

జబ్బు పాకినవాళ్లకు మైటోటేన్‌తో పాటు ఎటోపోసైడ్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ కలిపి కీమో ఇస్తారు. 2012లో 304 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో మరో రకం కీమోతో పోలిస్తే ఇది జబ్బు పెరగకుండా ఎక్కువకాలం ఆపింది, 2.1 నెలలకు బదులు 5 నెలలు. చిన్న అంకెలే, దాచి ఏం లాభం. కొందరికి రేడియేషన్, కొందరికి ఇమ్యునోథెరపీ ప్రయత్నిస్తారు. కార్టిసాల్ విపరీతంగా ఉంటే దాన్ని తగ్గించడానికి మెటిరాపోన్, కీటోకొనజోల్ లాంటివి ఉన్నాయి. గడ్డను తగ్గించలేకపోయినా హార్మోన్‌ను తగ్గిస్తే మనిషికి ఎంతో ఉపశమనం.

మేనకోడలికీ మేనల్లుడికీ కూడా జన్యుపరీక్ష అవసరమవుతుందేమోనని అడిగాం. ముందు అక్కకే చేశారు. టీపీ53 అనే జన్యువులో పుట్టుకతో లోపముంటే ఈ క్యాన్సర్‌తో పాటు ఇతర క్యాన్సర్లు కూడా కుటుంబంలో వస్తాయి. పిల్లలకు వచ్చే అడ్రినల్ క్యాన్సర్లలో అది చాలా ఎక్కువ. దక్షిణ బ్రెజిల్‌లో అలాంటి ఒక మార్పు తరతరాలుగా జనంలో ఉండి, అక్కడ చిన్నపిల్లల్లో ఈ జబ్బు మిగతా ప్రపంచం కంటే చాలా రెట్లు ఎక్కువ. అక్కకు లోపం లేదని రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరం కడుపునిండా భోంచేశాం.

ఇప్పుడు మూడు నెలలకోసారి ఛాతీ, కడుపు సీటీ, హార్మోన్ పరీక్షలు. ఇప్పటిదాకా స్కాన్లలో ఏమీ లేదు. చారలు వెలిసిపోయాయి, బీపీకి ఒక్క బిళ్లే. ప్రతి స్కాన్ ముందు వారం మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షనే. మైటోటేన్ కనీసం రెండేళ్లు వాడాలన్నారు.

రోజూ హైడ్రోకార్టిసోన్ వాడేవాళ్లు, అడ్రినల్ తీసేసినవాళ్లు ఎవరైనా ఉంటే అక్క పర్సులో ఉన్న కార్డు మీద రాసింది కింద ఇస్తున్నాను. మీ డాక్టర్‌కు చూపించి, మీ మోతాదులు రాయించుకుని, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి పెట్టుకోండి.

"నా అడ్రినల్ గ్రంథులు పనిచేయవు. రోజూ హైడ్రోకార్టిసోన్ వాడతాను. వాంతులు, విరేచనాలు, తీవ్రమైన జ్వరం, ప్రమాదం, ఆపరేషన్, స్పృహ తప్పడం, వీటిలో ఏది జరిగినా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి గానీ కండలోకి గానీ ఇవ్వండి. సెలైన్ పెట్టండి. షుగర్, సోడియం, పొటాషియం చూడండి. పరీక్షల ఫలితాల కోసం ఇంజెక్షన్ ఆపవద్దు."